సోమాజిగూడ సర్వర్‌కు నేను వేసిన తాళం

ఒక్క ఎంటర్ నొక్కి సోమాజిగూడలో ఒక రక్తపరీక్షల కేంద్రాన్ని మొత్తం స్తంభింపజేసిన ఘనుడు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇదిగో, నేనే.

మైత్రీవనంలో కోర్సు చేసి పంజగుట్టలో ఓ చిన్న కంపెనీలో చేరిన కొత్తల్లో మాట. కూర్చున్న చోటు నుంచే ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి టెర్మినల్ ద్వారా దూరి ఆజ్ఞలు జారీచేయడం మా పని. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొడుతుంటే నాకు నేనే పెద్ద మంత్రగాడిలా కనిపించేవాణ్ని.

ఆ ఉదయం మా సీనియర్ నస్రీన్ మేడం ఆ కేంద్రం సర్వర్‌కు ఫైర్‌వాల్ పెట్టమన్నారు. అంటే కాపలా అన్నమాట. ముందు మనవాళ్లెవరో చెప్పాలి, ఆ తర్వాతే తలుపు మూయాలి. నేను ముందు తలుపు మూశాను. ‘ఎవ్వరినీ రానివ్వకు’ అన్న ఆజ్ఞ కొట్టగానే, చెప్పిన మాట వినే ఆ సర్వర్ మొట్టమొదట నన్నే గెంటేసింది. తెర కొయ్యబారిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారే, నా ఆకులు కూడా లోపలే ఉండిపోయాయి.

ఇంతలో ఫోన్. కౌంటర్‌లో ఒక్క రిపోర్టూ తెరుచుకోవడం లేదట, జనం గొడవ చేస్తున్నారట. ఒక పెద్దాయనకు మధ్యాహ్నమే ఆపరేషన్, డాక్టర్లు ఆయన రక్తం రిపోర్టు కోసమే ఆగారట. వెళ్లి మేడంకు ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె తిట్టలేదు. హెల్మెట్ నా చేతిలో పెట్టారు.

"ఫికర్ చెయ్యకు, జర జల్ది నడువు. ఆడికే పోయి సర్వర్‌కు కీబోర్డ్ పెట్టి తీద్దాం."

స్కూటీ వెనక కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి గుడికీ, ప్రతి దర్గాకూ తేడా లేకుండా మొక్కుకున్నాను.

ఈ పని చేసిందెవరని అక్కడి మేనేజర్ నిలదీశాడు. "మా తాన్నే తప్పైంది సార్, జర టైమియ్యండి" అన్నారు మేడం. నా పేరెత్తలేదు. పైగా కీబోర్డ్ ముందు నన్నే కూర్చోబెట్టారు. ఆ ఆజ్ఞ తీసేశాను. ప్రింటర్ గుర్రుమంది. పెద్దాయన కొడుకు కాగితం అందుకుని పరుగెత్తాడు. ఆపరేషన్ వేళకే జరిగిందని సాయంత్రం తెలిసింది.

బయట చాయ్ తాగుతూ, ఉద్యోగం ఉందో ఊడిందో తేల్చుకుందామని అడిగాను.

"గిందుకే తీసేసేటట్టైతే నన్నెప్పుడో తీసేసేటోళ్లు" అన్నారు మేడం. "నీది నయం, సోమాజిగూడ. నేను గిదే పని చేసినప్పుడు సర్వర్ పుణెల ఉండె. రైలెక్కి పోయిన."

నాకు చాయ్ పొలమారింది. ఆ మాటకు ఈనాటికీ ఆమెకు రుణపడి ఉన్నాను. అక్కడే, ఆ చాయ్ కప్పు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ తలుపైనా, నేను ఏ పక్కన ఉన్నానో చూసుకున్నాకే మూస్తాను. మా ఇంటి బాత్రూమ్ తలుపుతో సహా.