వీరేశ్ సర్వర్ రాసిన మెయిళ్లు

చిరాగ్‌పల్లి రోడ్డు మీద, కర్ణాటక సరిహద్దు పక్కనే, రేవణసిద్ధప్ప సేటు కందిపప్పు మిల్లు ఉంది. కాంటా మీదికి బండి ఎక్కితే తూకం, బిల్లు అన్నీ ఒక సర్వరే రాసుకుంటుంది. సర్వర్ అంటే ఏ నిజాం మహలో అనుకోవద్దు. ఆఫీసు మూలన, బియ్యం డబ్బా అంత నల్ల పెట్టె. దాన్ని చూసుకునేది వీరేశ్. పాలిటెక్నిక్‌లో సగం చదివి, మిగతా సగం సార్లకు తనే చెప్పగలనని ఇంటికొచ్చిన మనిషి.

ఆ పెట్టె తెల్లారుతుండగా తనంతట తానే ఇంటర్నెట్ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని వేసుకుంటుంది. కంది సీజన్ మొదట్లో ఒకనాడు అట్లనే వేసుకుంది గాని, తర్వాత కాంటా ప్రోగ్రాం లేవలేదు. కారణం దొరికేసరికి మధ్యాహ్నమైంది. లారీల లైను కర్ణాటక లోపలికి పోయిందనీ, వెనకున్న డ్రైవర్లు తనను కన్నడంలో తిట్టారనీ వీరేశే గొప్పగా చెప్పుకుంటాడు. సేటు మాత్రం తెలుగులోనే తిట్టాడు.

"ఏమిరా, నాకు చెప్పకుంట నా పెట్టె బట్టలు మార్చుకుంటదా? ఇంకోపారి గిట్లయితే నువ్వు ఇంటికాడనే ఉండు, మిల్లుకు రాకు."

"ఫికర్ చెయ్యకున్రి సేటూ. ఏం మార్చుకున్నా మీకు మెయిల్ కొట్టేటట్టు చేస్త."

"నాకే రావాలె. నీకొస్తే దాస్తవ్."

వీరేశ్ కూర్చున్నాడు. మెయిల్ పంపే చిన్న ప్రోగ్రాం ఎక్కించాడు. సేటు ఫోన్లో ఉన్న అడ్రస్ చూసి సెట్టింగుల్లో కొట్టాడు. తప్పు జరిగితేనే పంపాలా, ప్రతిసారీ పంపాలా అని అడిగితే, ప్రతిసారీ అన్నాడు సేటు. పరీక్షకని ఒక మెయిల్ వదిలాడు.

సేటు జేబులో టంగుమంది. అదే క్షణంలో హమాలీ నర్సింలు నడుము దగ్గర టంగుమంది. లైన్లో ఉన్న ట్రాక్టరాయన ఫోనూ మోగింది. ఝరాసంగం నుంచి కందులు తెచ్చిన సుమిత్రవ్వ కొంగుముడి విప్పి ఫోను తీసింది.

"ఎవల్రా నాకు ఇంగ్లీషుల రాసింది?"

వీరేశ్ ఫోన్లన్నీ తిప్పి చూశాడు. అన్నిట్లో ఒకటే మెయిల్ అడ్రస్. ఆ ఫోన్లన్నీ బస్టాండు కాడ రాజేశ్వర్ దుకాణంలో కొన్నవే. పోయి అడిగితే రాజేశ్వర్ తల కూడా ఎత్తలేదు.

"కొత్త ఫోను మెయిల్ అడుగుతది. మనిషికొకటి చేసుకుంట కూసుంటే నాకు పొద్దు గూకుతది. ఒకటి చేసిన, అందరికి అదే కొట్టిన. ఇన్నేండ్ల సంది ఒక్కడన్న అడిగిండా?"

ఒకటే అడ్రస్ అయితే ఒకరి ఫోన్లో పేర్లు ఇంకొకరి ఫోన్లోకి వస్తాయని వీరేశ్ చెప్పగానే సేటు తన ఫోన్లో పేర్ల పట్టీ తెరిచాడు. "గందుకేనారా నా ఫోన్ల 'మేకల భాగీరథి' అని ఉన్నది? ఆమె ఎవరని మా ఇంట్ల యేడాది సంది లడాయి." కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు. "నా మిల్లు సంగతి జిల్లాకంత ఎందుకు? రేపు వేరే అడ్రస్ పెట్టు."

వీరేశ్‌కు ఆ రేపు వారమైనా రాలేదు. పొద్దున పొద్దున సర్వర్ తన క్షేమం రాస్తూనే ఉంది, ఊళ్లన్నీ టంగుమంటూనే ఉన్నాయి.

ఒకనాడు ఇంకా చీకటి పూర్తిగా విడవకముందే వీరేశ్ ఫోను మోగింది.

"అన్నా, రాయికోడ్ నుంచి. నీ మిషిని దినాం చిన్నగ రాస్తుండె, ఇయ్యాల చాంతాడంత రాసింది. జర చూస్కో."

"నా నంబర్ నీకెట్ల తెలుసే?"

"నా ఫోన్ల ఉన్నది గద, 'మిల్లు కంప్యూటర్ వీరేశ్' అని."

సేటు రాసుకున్న పేర్లు కూడా అందరి ఫోన్లలోకి పోయినయన్నమాట. అది పెట్టేలోపు ఇంకో కాల్, దాని వెనక ఇంకోటి. ఒక ఫోన్లో కోడి కూస్తోంది. ఒక ఫోన్లో షేర్ ఆటో ఊగుతోంది. ఇంకోదాంట్లో ఎవరో పాలు పితుకుతున్న చప్పుడు. ముఖమైనా తెలియని వాళ్లు తన నల్ల పెట్టెకు జ్వరమొచ్చినట్టు అడుగుతున్నారు. వీరేశ్ పడక మీద లేచి కూర్చున్నాడు. అంత గొప్పలు చెప్పే నోటికి "వస్తున్న" అన్న ఒక్క మాటే దొరికింది.

బండి మీద మిల్లుకు ఉరికాడు. డిస్కులో జాగ లేక కొత్త సాఫ్ట్‌వేర్ సగంలో ఆగిపోయి ఉంది. పాత ఫైళ్లు తీసేసి, ఆగినదాన్ని పూర్తి చేశాడు. మొదటి ట్రాక్టరు కాంటా ఎక్కేసరికి బిల్లు వచ్చింది.

లింగపూజ అయినాక ఫోను తెరిచిన సేటు గాబరాగా వచ్చాడు. వీరేశ్ జరిగిందంతా, తాను అడ్రస్ మార్చలేదని కూడా, దాచకుండా చెప్పాడు. సేటు ఆ పెట్టె వైపు తిరిగాడు.

"నేను పూజల ఉన్న. నువ్వు నిద్రల ఉన్నవ్. మరి మిల్లును కాసింది ఎవరురా?"

"రాయికోడ్ కాసింది సేటూ. ఝరాసంగం కాసింది."

"నాకొకటి కొత్త అడ్రస్ చెయ్, పాతది తియ్యకు. దినాం పంపకు, పాపం జనం పనులు చేసుకోవద్దా. ఖరాబైతేనే పంపు." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "రేపు జల్ది రా. బండ్లు మస్తుగ ఉన్నయ్."

వీరేశ్ అట్లనే చేశాడు. మెయిళ్లు ఆగినయ్. నాలుగు రోజులకు సుమిత్రవ్వ ఫోను చేసింది.

"ఏం బిడ్డా, మీ మిషిని ఏం రాస్తలేదు. పానం మంచిగున్నదా?"

వీరేశ్ లేచి పోయి నల్ల పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది.

"మంచిగున్నదవ్వా. పని మీదున్నది."