ట్రాఫిక్ చూసే అమ్మాయి

రోండా తన జీవితంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట "రెండే నిమిషాలు". వెస్ట్ ఫిలడెల్ఫియాలో, ఆపకూడని చోట ఆపిన కార్లను లాక్కెళ్లే బండి నడుపుతుందామె. ఫైరింజన్‌కి నీళ్లందించే హైడ్రంట్ ముందు కారు పెట్టినవాళ్లెవరూ దాన్ని పార్కింగ్ అనుకోరు. నాలుగు లైట్లూ టపటపా కొట్టుకునేలా వదిలేసి, ఇక భారమంతా దేవుడిదేనన్నట్టు వెళ్లిపోతారు. వాళ్ల తిట్లు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది రోండా. బండిలో పాటలు పెట్టుకుని హాయిగా తిరుగుతుంది. ఆ పనంటే ఆమెకు ప్రాణం.

ఒక్కటే వెలితి. వాళ్లమ్మ వర్నెల్లాకి ఈ పని నామోషీ. "మా అమ్మాయి సిటీలో ట్రాఫిక్ చూస్తుంది" అని చర్చిలో చెప్పుకుంటుంది. రోండా తనను దింపడానికొస్తే బండిని పక్క వీధిలోనే ఆపించేస్తుంది. అమ్మ నలుగురిలో ఒక్కసారి 'ఇది నా కూతురి బండి' అంటే చాలని రోండా కోరిక. యాభై దాటినా ఆ కోరిక చావలేదు.

ఒక ఆదివారం డ్యూటీలో ఉండగా కబురొచ్చింది. హైడ్రంట్ ముందు కారుంది, అదీ అమ్మ వెళ్లే చర్చి ఎదుటే. తీరా చూస్తే పాస్టర్ టిబ్స్ గారి కారు! లైట్లు టపటపలాడుతున్నాయి. ఆయన ప్రసంగం రెండు నిమిషాల్లో ముగిసిన దాఖలా ఆ పేటలోనే లేదు. పోనీ చూడనట్టు పోదామా అంటే, మొన్న చలికాలంలో ఈ వీధిలోనే ఓ ఇల్లు తగలబడింది. హైడ్రంట్‌కి అడ్డంగా ఉన్న కారు అద్దాలు పగలగొట్టి ఫైరింజన్ వాళ్లు గొట్టం దూర్చేలోపు పై అంతస్తు బుగ్గయింది. రోండాకి ఆ వాసన ఇంకా గుర్తుంది.

చర్చి మెట్ల మీద వర్నెల్లా, సిస్టర్ ఈథెల్ నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్లను తెల్ల చేతితొడుగులేసుకుని, నోరు మెదపకుండా సైగతోనే కూర్చోబెట్టే పని వాళ్లది.

"పాస్టరుగారిని పిలవండి. కారు తీసేస్తే వెళ్లిపోతాను" అంది రోండా బండి కిటికీలోంచి, అమ్మ ముఖం చూడకుండా.

"ప్రసంగం మధ్యలోనా? బాగుంది! రెండే నిమిషాలు ఆగమ్మా" అంది ఈథెల్. అంతలో కళ్లు చిట్లించి, "వర్నెల్లా, ఈవిడ మీ అమ్మాయి కాదూ? ట్రాఫిక్ చూస్తుందన్నావే?" అంది.

ఆలస్యంగా వచ్చి మెట్లెక్కుతున్నవాళ్లంతా ఆగి చూశారు.

"చూస్తోందిగా మరి!" అంది వర్నెల్లా.

టోపీ సర్దుకుని మెట్లు దిగింది. కాలిన ఇంటివైపు ఒకసారి చూసింది. బండి వెనక్కి నడిచి, తెల్లతొడుగు చెయ్యి పైకెత్తింది.

"రావే, రా... ఇంకొంచెం... ఎడమకి... చాలు! జరగండయ్యా, ఇది నా కూతురి బండి."

బండి అద్దంలో ఆ చెయ్యి మసకబారింది. రోండా కళ్లు తుడుచుకుని దిగి, కారుకి కొక్కెం తగిలించి మళ్లీ బండెక్కింది.

"ఆయనకి నేను చెప్పుకుంటాలే" అంది వర్నెల్లా, కిటికీ దగ్గరికొచ్చి. "ప్రార్థన అయ్యాక నన్ను తీసుకెళ్లు. పక్క వీధిలో కాదు, ఈ మెట్ల ముందే ఆపు. ఆ హైడ్రంట్‌కి మాత్రం దూరంగా!"