చీనీ తోటలో బండలాగుడు మైకు

నాకు ఆదివారమంటే మైకు. ఎద్దుల జతలు రాతిబండను లాగే పోటీలు చుట్టుపక్కల ఎక్కడ జరిగినా వెళ్లి వ్యాఖ్యానం చెబుతాను. జతకూ జతకూ నడుమ, చదివిన కరపత్రాల నుంచి నీటి గురించి, విత్తనాల గురించి నాలుగు మాటలు విసురుతాను. ఈ పిచ్చి కూడు పెడుతుందా అని ప్రొద్దుటూరులో మా ఇంట్లో అడగని రోజు లేదు. పులివెందులలో ఒక డ్రిప్పు పరికరాల కంపెనీ, రైతులకు వివరించి చెప్పే ఉద్యోగానికి రమ్మని పిలిచింది. అది రాకపోతే మైకు వదిలేస్తానని నాన్నకు మాటిచ్చి బయలుదేరాను.

ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు నేరుగా బస్సులున్నాయి. నేను మాత్రం తెల్లవారగానే జమ్మలమడుగు బస్సెక్కాను. మొదటిసారి మైకు పట్టింది అక్కడే, ఆ ఊరు చూసి వెళ్తే ధైర్యం. ముప్పావుగంటలో దిగాను. బస్టాండు పక్కన బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తప్పకుండా తినండి. యాభై రూపాయలకు కడుపు నిండుతుంది. వడ్డిస్తున్న అక్క నా గొంతు విని ఆగిపోయింది.

"నువ్వు బండలాగుడు మైకబ్బివి కదా? ఇస్త్రీ చొక్కా ఏసుకోని యాడికి పోతాండావు?"

"ఉద్యోగానికక్కా, పులివెందులకు."

"ఆడ మెల్లగా మాట్లాడు నాయనా. ఆఫీసోళ్లు ఎద్దులు కాదు, అదిలిస్తే కదిలేకి," అంటూ ఇంకో బజ్జీ వేసింది.

అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు. పది గంటలకల్లా కంపెనీ ఆఫీసులో ఉన్నాను. దరఖాస్తులో హాబీల గడి చూసి మేనేజరు నవ్వాడు. "బండలాగుడా? ఇలాంటివి రాయకూడదు బాబూ."

నాకు మండింది. "రైతు దేనికి ఈల వేస్తాడో తెలియనివాళ్లు రైతుకు ఏం చెబుతారు సార్?" అనేశాను. అక్క చెప్పిన మాట గాలికి పోయింది. ఆయన నవ్వు ఆపి, "సరే, తోటలోనే చూద్దాం," అని ఉద్యోగానికి వచ్చినవాళ్లందరినీ జీపెక్కించాడు.

సింహాద్రిపురం దారిలో ఓబులేసు అనే రైతు చీనీ తోట, అంటే బత్తాయి తోట. మోటరు ఆడుతోంది, చెట్ల వరుసల వెంట డ్రిప్పు పైపులు. అక్కడ చేరిన రైతులకు డ్రిప్పు గురించి చెప్పడమే మాకు పరీక్ష. నాకన్నా ముందు మాట్లాడిన ఇద్దరూ కాగితం చూసి చదివారు. రైతులు ఒక్కొక్కరే నీడకు జరిగారు. నా వంతు రాగానే కరపత్రం పూనింది. "శ్రమజీవులారా! జలవనరుల పరిరక్షణకై..."

"ఏందబ్బీ, ఓట్లకొచ్చినావా?" అన్నాడు ఓబులేసు. అందరూ గొల్లుమన్నారు. మేనేజరు వాచీ చూసుకున్నాడు.

సిగ్గుతో తల తిప్పుకున్నాను. అప్పుడు కనిపించింది, వరుస చివరి చెట్టు కింద నేల ఎండిపోయి ఉంది. పోటీల్లో జత ఎక్కడ తడబడుతుందా అని చూసీ చూసీ అలవాటైన కన్ను ఇది. గొంతు దానంతటదే మారింది.

"వస్తాండాది, వస్తాండాది, ఓబులేసు మామ నీళ్ల జత! పదో చెట్టు దాటె, ఇరవయ్యో చెట్టు దాటె... ఏందప్పా ఇది, ఆఖరి చెట్టు కాడ మొండికేసె! కాళ్లకు బురద పట్టిందా? మామా, పైపు కొస మూత ఇప్పు!"

ఓబులేసు పరుగున పోయి విప్పాడు. బురద చిమ్మింది, వెనకే తేట నీళ్లు వచ్చాయి. మూత బిగించిన కాసేపటికి ఆఖరి చెట్టు మొదట్లో చుక్కలు రాలాయి. "లాగె! ఓబులేసు మామ జత లాగె!" ఎవరో ఈల వేశారు. నీడలోనివాళ్లు తువ్వాళ్లు తిప్పుతూ వచ్చి చుట్టూ మూగారు. పైపులోకి బురద ఎందుకొస్తుంది, ఎరువు కలిపితే మూసుకుపోతుందా అంటూ అడిగినవాళ్లకు అడిగినంత చెప్పాను.

"శానా బాగుందబ్బీ! మా ఎద్దులకెప్పుడొస్తావు?" అన్నాడు ఓబులేసు.

మేనేజరు నా చేయి పట్టుకున్నాడు. "సోమవారం నుంచి రండి. ఆ మైకు కూడా తెచ్చుకోండి."

అక్కడి నుంచే నాన్నకు ఫోన్ చేశాను. "మైకు వదిలే పని లేదు నాన్నా!"

"అరచొద్దురా, ఇనపడతాంది," అన్నాడు. ఆ గొంతులో నవ్వుంది.

ఇది పని, అది కాలక్షేపం అని మన బతుకును రెండు గదులుగా గోడ కట్టి పెడతారు. నేను ఆ గోడను ఒప్పుకోను. నన్ను గెలిపించింది కరపత్రం ఒక్కటే కాదు, మైకు ఒక్కటే కాదు. ఇష్టంతో ఎండలో నిలబడిన ఆదివారాలన్నీ. ఇదే దారిలో వెళ్లేవాళ్లు తొలి బస్సే పట్టుకోండి, ముద్దనూరు దాటేసరికి ఎండ ముదరదు. హాబీల గడి మాత్రం ఎవరు నవ్వినా కొట్టెయ్యకండి.