నేస్తం వాటా

మా కిరాణా కొట్టు డుంబ్రిగుడలో సంత జరిగే చోటికి ఎదురుగానే ఉండేది. తొంభైలలో నేను కాపురానికి వచ్చేసరికే అది మామగారి దగ్గర నుంచి మా ఆయన చేతికి వచ్చింది. మాది కింద మైదానపు ఊరు. కొండ మీదికి పిల్లనిస్తున్నామని మా అమ్మ ఏడ్చింది. అక్కడి చలికి తట్టుకోలేక నేనూ ఏడ్చాను. కొన్నాళ్ళకి ఇద్దరం ఊరుకున్నాం.

నాకు అక్కడ నేస్తం దొరికింది. నేస్తం అంటే ఉత్త స్నేహితురాలు అనుకుంటే పొరపాటు. కొండ మీద నేస్తరికం కడతారు, పెద్దల ముందు, పెళ్ళి చేసినట్టే. సంతకి పసుపు కొమ్ములు, చింతపండు, అడ్డాకులు తెచ్చి, మా కొట్లో ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కెళ్ళే ఒకామె ఉండేది. నా ఈడుదే. చైత్రంలో వాళ్ళ పెద్ద పండగ, ఇటుకల పండగ వస్తుంది. ఆ పండగనాడు ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చి, నన్ను నేస్తం కట్టమంది. నా తలలో ఆమె పువ్వు పెట్టింది, ఆమె తలలో నేను పెట్టాను, పెద్దలు మా నుదుట పసుపు బియ్యం అద్దారు. అంతే. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరం పలకకూడదు, ఎప్పుడూ నేస్తం అనే పిలవాలి. ఒకరి ఇంటికి ఏం వచ్చినా రెండోవాళ్ళకి అందులో సగం వాటా. నేస్తం ముందు "నాది" అన్న మాట నోట రాకూడదు. ఇచ్చిన వాటా వద్దంటే నేస్తరికం తెంచేసినట్టే.

కొట్టు కూడా సగం రాసిచ్చేస్తావా ఏమిటని మా అత్తగారు ఎగతాళి చేసింది. నిజానికి లాభపడింది మేమే. వాళ్ళ పెరట్లో గుమ్మడికాయ కాస్తే నేస్తం సగం కోసి తెచ్చేది. మా ఇంట్లో అరిసెలు వండితే ఆమెకి సగం కట్టేదాన్ని, అత్తగారు గొణుగుతూనే ఉండేది. వాళ్ళు కొత్త పంట ఏదైనా చేతికి రాగానే తినేయరు. దానికొక పండగ చేసి, దేవతకి పెట్టాకే తింటారు. మామిడికి ఒక కొత్త, కొర్రలకి ఒక కొత్త, పుష్యమాసంలో చిక్కుడు కొత్త. ఆ పండగ వరకూ నేస్తం వాటాని విడిగా తీసి, అడ్డాకులో చుట్టి, ఇంటి చూరులో దాచి ఉంచుతారు. పండగ వెళ్ళాక తెచ్చి చేతిలో పెడతారు. ఈ పద్ధతిని ఇంత విడమరిచి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత మా కొంప ముంచింది ఇదే.

ఆమెకి మూర్ఛ ఉందని నాకు మా కొట్టు అరుగు ముందే తెలిసింది. చింతపండు తూకం వేయిస్తూ ఉన్నట్టుండి పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట నురగ. జనం మూగారు. ఒకడు తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో కుక్కాడు, ఇంకొకడు పళ్ళ మధ్య పుల్ల పెట్టబోయాడు. కాసేపటికి దానంతట అదే తగ్గింది. లేచి చీర సర్దుకుని, చింతపండు ఎవడు తీశాడని అడిగింది. నాకు నవ్వొచ్చింది.

అప్పుడే అసలు సంగతి తెలిసింది. ఆమెకి ఏడాది నిండని కొడుకు ఉన్నాడు. వాణ్ణి ఆమె చేతికి ఇవ్వరు. ఒకసారి ఒళ్ళో పిల్లాడు ఉండగానే మూర్ఛ వచ్చి, వాడు దొర్లి పొయ్యి దాకా వెళ్ళాడట. ఆ రోజు నుంచి నా నేస్తం పాలిచ్చేటప్పుడు మాత్రం వాళ్ళ అత్త పక్కనే కూర్చుని పిల్లాణ్ణి అందించేది, పాలు తాగగానే తీసేసుకునేది. ముసలామెని గయ్యాళి అనడానికి నాకు నోరు రాదు. ఆమె భయం ఆమెది. సంతకి కూడా పిల్లాణ్ణి తన వీపుకే కట్టుకుని వచ్చేది. నా నేస్తం తల మీద గంపతో వెనకాల నడుస్తూ, ఆ ముసలి వీపు మీద ఊగుతున్న చిన్న తలనే చూస్తూ వచ్చేది.

"మన గుంటడ్ని నేనే ఈపున కట్టుకోని సంతకి రావాలి నేస్తం. ఇంకేటొద్దు నాకు" అంది నాతో.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నిదానస్తురాలు. ఇది గాలీ కాదు, దెయ్యమూ కాదు, జబ్బు అంది. నరాలకి మంచి మందని మాత్రలిచ్చింది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఫిట్స్ రావడం లేదు కదా అని మానెయ్యకూడదు, తగ్గించకూడదు. ఒక పూట మరిచిపోతే రెండో పూట రెండూ కలిపి మింగకూడదు. జీలుగు కల్లు జోలికి వెళ్ళకూడదు. గెడ్డలో, అదే వాగులో, ఒంటరిగా స్నానానికి దిగకూడదు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో ఇనుమూ వద్దు, నోట్లో పుల్లా వద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి చాలు అని నాకూ చెప్పింది. నేస్తం అన్నింటికీ తలూపింది. కల్లు దగ్గర మాత్రం కొంచెం ఆగి ఊపింది.

వానాకాలమంతా మూర్ఛ రాలేదు. ముసలామె మెత్తబడింది. వచ్చే ఇటుకల పండగ దాకా ఇలాగే ఉంటే పిల్లాణ్ణి నీ వీపుకి నేనే కడతానని కోడలికి మాటిచ్చింది. ఆ మాట నాకు చెప్పడానికి నా నేస్తం సంతరోజు దాకా కూడా ఆగలేదు, గెడ్డ పొంగుతున్నా దాటి వచ్చింది.

ఇక్కడ నా అరికాళ్ళ సంగతి చెప్పాలి. అప్పటికే నాకు అరికాళ్ళు మండేవి. నిప్పుల మీద నిలబెట్టినట్టు ఉండేది. కొట్లో కూర్చుంటే కాళ్ళ కింద బేసినులో నీళ్ళు ఉండాల్సిందే. నరాలు లాగేస్తున్నాయని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేదాన్ని, నా నేస్తానికి మరీను.  ఆమె నా కాళ్ళ వంకా బేసిను వంకా చూసేది. ఆమె మాత్రలు నరాలకి మంచివని ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్న మాట ఆమె మరిచిపోలేదు, అంతే.

పుష్యమాసంలో కబురొచ్చింది. అంబలి కాస్తూ పొయ్యి దగ్గరే పడిపోయిందట. కుడి అరచెయ్యి కాలిందట.  పండగ ఇంకెంతో దూరం లేదు. మందు వేసుకుంటూనే ఎందుకు వచ్చింది? ఆ మందు మీద, డాక్టరమ్మ మీద, చివరికి దేవుడి మీద కూడా కోపం వచ్చింది నాకు.

చిక్కుడు కొత్త వెళ్ళిన తర్వాతి సంతకి ఆమె వచ్చింది. కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది. ఎడం చేత్తో గంపలోంచి రెండు అడ్డాకు పొట్లాలు తీసి అరుగు మీద పెట్టింది. ఒకదాంట్లో చిక్కుడు గింజలు. రెండోది విప్పితే మాత్రలు. చూరులో పొగకి పచ్చబడి, కొన్ని చెమ్మకి పిండైపోయి.

"ఏటే ఇది?" అన్నాను.

"నీ వాటా. నీ కాళ్ళు మండుతన్నాయి గదా. నరాల మందు గదా ఇది. సాయంత్రానివి నీకని తీసి పెట్టినాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని సామెత చెబుతారు. ఆ సామెత ఆ వేళ మనిషై వచ్చి నా ఎదుట నిలబడింది. నాకు నోరు ఆగలేదు. నీ దుంప తెగ, నీ మందు సగం నువ్వు మింగి సగం నాకు దాచావా, నీకు బుర్ర ఉందా, నీ రోగమూ నా రోగమూ ఒకటేనా, ఇది నేను మింగితే నా గతేమిటి, మింగక నీ గతేమైందో చూసుకున్నావా అని సంత అంతా వినేలా అరిచాను. ఆ పొట్లం ఆమె వైపు తోసేశాను.

ఆమె నా వంక చూసింది. "నేనిచ్చిన వాటా వద్దంటన్నావా, నేస్తం?" అంది, మెల్లగా.

వద్దంటే తెగిపోతుంది. వద్దనకపోతే మనిషే పోతుంది. మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత ఊరికే పుట్టలేదు. నేను జవాబు చెప్పే లోపే ఆమె గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. పొట్లం నా అరుగు మీదే ఉండిపోయింది. ఆ రోజు మా కొట్లో ఉప్పు కూడా కొనలేదు.

పొట్లం పట్టుకుని ఆసుపత్రికి పోయాను. ఎవరి మీదైనా అరుద్దామని పోయాను గానీ, డాక్టరమ్మ అరవనివ్వలేదు. ముందు చెయ్యి ఎలా ఉందని అడిగింది. తర్వాత, మానేసిన మాత్రలన్నీ ఇప్పుడు ఒక్కసారిగా మింగించకండమ్మా, ఆమెని తీసుకురండి, మళ్ళీ సరిగ్గా మొదలుపెడదాం అంది. పాడైన మాత్రలు నా దగ్గర్నుంచి తీసేసుకుంది. చివరికి నా కాళ్ళ గురించి కూడా అడిగి, అలా భరిస్తూ కూర్చోకుండా రేపు పరగడుపున వచ్చి రక్తం ఇవ్వమంది. రేపు కాదు, ముందు వేరే పని ఉందని చెప్పాను.

మర్నాడు వాళ్ళ గూడేనికి ఎక్కాను. మండే అరికాళ్ళతో ఆ ఎక్కుడు ఎక్కుతూ కొండనీ, నేస్తరికాన్నీ, మా అమ్మానాన్నల్నీ అందర్నీ తిట్టుకున్నాను. ముసలామె పిల్లాణ్ణి వీపున వేసుకుని సామలు దంచుతోంది. నా నేస్తం గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, నన్ను చూసి లేవలేదు.

దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయాను. ఆమె జబ్బకి కట్టిన తాయెత్తు కనిపించింది. ముహూర్తాలు చూసే వాళ్ళ దిసారి ఎప్పుడో మూర్ఛ కోసమే కట్టింది అది. మందు మొదలుపెట్టాక కూడా తియ్యలేదు. తియ్యమని డాక్టరమ్మా అనలేదు.

"ఆ తాయెత్తులో నా వాటా ఏది? సగం తెంచి ఇయ్యి" అన్నాను.

ఎడం చేత్తో టక్కున దాన్ని కప్పేసుకుంది. "ఇదెలాగిత్తాను? నాకని కట్టింది ఇది."

"మరి ఆ మాత్రలు ఎవరికని ఇచ్చారు?"

 దంపుడు చప్పుడు ఆగిపోయింది. ముసలామె రోకలి గోడకి ఆనించి, పిల్లాణ్ణి వీపు మీద సర్దుకుంది. "సావుకారమ్మ నిజిమే సెప్పింది. ఒకలికి కట్టింది ఇంకొకలు పంచుకోరు. తప్పు" అంది కోడలితో. ఆ ఇంట్లో ఆ మాటే చివరి మాట. నేను తోసేసింది వాటా కాదని, తాయెత్తని, నేస్తరికానికి ముప్పేమీ లేదని కూడా ఆమే తేల్చేసింది. 

కానీ ముసలామె అక్కడితో ఆగలేదు. పిల్లాణ్ణి వీపుకి కట్టేది ఈ ఇటుకల పండగకి కాదు, మీదట వచ్చే పండగకి అంది. ఇంకో ఏడాది.  నా నేస్తం పిల్లాడి తల వంక చూసి, మళ్ళీ నేల చూపులు చూసింది. నాకు ఏడుపొచ్చింది. ఈ పండగకే కట్టమని అడుగుదామనుకున్నాను గానీ, కాలిన ఆ చెయ్యి చూశాక ఏ మొహం పెట్టుకుని అడగను?

ఆ ఏడాది గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున అంబలి తాగాక ఒకటి, సాయంత్రం మేకల్ని తోలుకొచ్చాక ఒకటి మింగేది. కల్లు కాలంలో చెట్టు కింద అందరూ డొప్పలు పట్టుకుంటే ఆమె ఇంటి దగ్గరే ఉండిపోయేది. దానికి ఆడవాళ్ళు ఆమెని చాలానే ఆటపట్టించారు. నా రక్తంలో చక్కెర ఉందన్నారు. దానికి మందు, అరికాళ్ళకి వేరే మాత్రలు. మొదట కొంచెంతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. కొత్తలో మత్తుకి తక్కెడ ముందే తూగేదాన్ని. మంట పూర్తిగా పోలేదు గానీ బేసిను మానేశాను. నా మాత్రలు గల్లాపెట్టె మీద కనిపిస్తే నా నేస్తం మొహం తిప్పేసుకునేది, ఎవరో స్నానం చేస్తుంటే చూడనట్టు.

ఇటుకల పండగ మళ్ళీ వచ్చింది. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు గడ పెట్టి, వచ్చే పోయే బళ్ళని ఆపి పండగ మామూళ్ళు అడుగుతున్నారు. ఆ సందడిలోంచి ఆమె వచ్చింది. వీపున కొడుకు. వాడప్పటికి పెద్దవాడయ్యాడు, నడిచి రాగలడు. కాళ్ళు ఆమె నడుం దాటి వేలాడుతున్నాయి. అయినా కట్టుకునే వచ్చింది, వగరుస్తూ, చెమటలు కారుస్తూ. వెనకాల గంప మోసుకుంటూ ముసలామె, కళ్ళు వాడి తల మీదే పెట్టుకుని నడుస్తోంది.

అరుగు ఎక్కి ముడి విప్పి వాణ్ణి నా ఒళ్ళో కూలేసింది. "మన గుంటడు. ఈడిలో సగం నీదే, సూసుకో. బేగి వచ్చెత్తాను" అని ఆసుపత్రికి పోయింది. వాడు నా కొత్త చీర తడిపాడు. వాటా అంటే ఇలాగే ఉంటుంది మరి.

తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో కాగితం పొట్లం ఉంది. నాకు చిలిపితనం వచ్చింది. "ఏదీ, నా వాటా?" అని చెయ్యి చాచాను.

ఆమె నా చెయ్యి వంక చూసింది. కాలిన తర్వాత పూర్తిగా తెరుచుకోని ఆ కుడి చేతిలోనే పొట్లాన్ని బిగించి, నడుం దగ్గర చీర మడతలో దోపుకుంది.

"ఇయి నాయి" అంది.