వర్జిల్ హాగెన్ ఫెయిల్ చేసిన పిల్లలు

వర్జిల్ హాగెన్ మాస్టారి దృష్టిలో ఈ లోకంలో ఉన్న ప్రతి వస్తువూ తూటా నింపిన తుపాకీయే. గొడుగు తుపాకీ. చీపురు తుపాకీ. టొమాటో సాస్ సీసా మరీ ప్రమాదమైన తుపాకీ, ఎందుకంటే అది నిజంగానే పేలుతుంది. అది తుపాకీ కాదని మీరు రుజువు చేసినా ఆయన ఒప్పుకునేవాడు కాదు. "కాదనే అందరూ అంటారు" అనేవాడు.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరు గారు పాపుల గురించి ఆవేశంగా మాట్లాడుతూ జనం మీదకి వేలు చూపించారు. మూడో వరసలోంచి మాస్టారు లేచి నిలబడ్డాడు.

"పాస్టరు గారూ, కొంచెం పైకి."

"ఏమిటి పైకి?"

"వేలు. ముందు వరసలో పిల్లలున్నారు."

ఆ రోజు నుంచి పాస్టరు గారు నరకం గురించి ఎప్పుడు చెప్పినా వేలు పైకప్పు వైపే చూపించేవారు. నరకం ఆకాశంలో ఉంటుందని మా ఊరి పిల్లలు చాలాకాలం నమ్మారు.

మాది మోంటానాలో గోధుమ చేలకీ కొండలకీ మధ్య ఇరుక్కున్న డ్రైఫోర్క్ అనే చిన్న ఊరు. ఆరువందల మంది మనుషులం, అంతకి రెట్టింపు తుపాకులు. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు వేటకి వెళ్ళాలంటే ముందు తుపాకీ పట్టే పద్ధతి నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. ఫైర్ స్టేషన్‌లో ముప్ఫై ఐదేళ్ళుగా ఆ క్లాసు చెప్పేది వర్జిల్ మాస్టారే. జీతం లేదు. బతుకుతెరువుకి నీళ్ళ పంపులు బాగుచేసేవాడు. మనిషి కూడా పంపు గొట్టంలాగే పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఒకే చల్లదనంతో ఉండేవాడు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు ఊళ్ళో లేరు.

క్లాసు మొత్తం ఎనిమిది వారాలు. అందులో ఏడు వారాలు ఆయన స్వయంగా చెక్కిన కర్ర తుపాకులతోనే. ఆ కర్ర తుపాకీని ఇంటికి పట్టుకెళ్ళాలి. తిన్నా, చదువుకున్నా, చెల్లెలితో దెబ్బలాడినా అది పక్కనే ఉండాలి, దాని గొట్టం ఏ ప్రాణి వైపూ చూడకూడదు. చూస్తోందో లేదో ఆయన ఎప్పుడైనా వచ్చి తనిఖీ చేస్తాడు. ఒకరోజు పొద్దున నేను గుడ్డు అట్టు తింటుంటే వంటింటి కిటికీలో ఆయన టోపీ కనిపించింది.

"డార్లా! నీ తుపాకీ మీ పిల్లి వైపు చూస్తోంది."

"అది కర్రే కదా మాస్టారూ!"

"పిల్లికి ఆ సంగతి తెలుసా?"

మా అమ్మ అట్లకాడ చేత్తో పట్టుకునే కిటికీ దగ్గరికి వెళ్ళింది. "వర్జిల్ గారూ, కాఫీ తాగుతారా?"

"తాగుతానమ్మా. ముందు అది కిందకి దించు."

ఆయన భార్య ఆర్డిస్ పెద్దమ్మ నలభై ఏళ్ళు ఆయనతో కాపురం చేసింది. వాళ్ళ పెరట్లో ముళ్ళకంచె దాటాలంటే పద్ధతి ఉంది: చేతిలో ఉన్నదాన్ని ముందు అవతల నేలమీద పడుకోబెట్టి, తరవాత మనిషి దాటాలి. బట్టలు ఆరేసే గడకర్రకీ అదే నియమం. "పెళ్ళిరోజున నేను పూలగుత్తి పట్టుకుని వస్తుంటే కూడా ఈయన పక్కకి తప్పుకున్నాడమ్మా" అనేది పెద్దమ్మ. "సిగ్గేమో అనుకున్నాను."

నేను పన్నెండో ఏటనే పాసయ్యాను. నూటికి తొంభై ఎనిమిది. సురక్షిత దూరం గురించి రాస్తున్నప్పుడు నవ్వానని రెండు మార్కులు కోశాడు. ఇంటికి పరిగెత్తుకొచ్చి మా నాన్నకి చూపించాను. నాన్న పేరు రస్ బెల్కనప్, ఊళ్ళో దాణా కొట్టు ఆయనది. "బాగుంది బంగారం" అని తల నిమిరాడు గానీ, ఆయన చూపు నన్ను దాటి మా తమ్ముడు వెస్లీ మీదే ఉంది. వెస్లీ పుట్టిన రోజునే వాడి పేరున రైఫిల్ కొన్నాడు మా నాన్న. ఆసుపత్రికి పూలు తేవడం మాత్రం మరిచిపోయాడు.

వెస్లీకి పన్నెండేళ్ళు వచ్చాయి. క్లాసుకి వెళ్ళాడు. ఫెయిలయ్యాడు.

"ఏం తప్పు చేశాడు?" అని నాన్న అడిగితే మాస్టారు తన నోటు పుస్తకం చూసి నింపాదిగా చెప్పాడు.

"తుమ్మాడు."

"తుమ్మితే ఫెయిల్ చేస్తారా?"

"గురి వెనక ఏముందో చూసుకోకుండా తుమ్మాడు రస్. వెనక మిసెస్ ఓల్సన్ ఉంది."

మరుసటేడు మళ్ళీ ఫెయిలు. ఈసారి నేరం, హాట్‌డాగ్ తింటూ దాని కొసని మాస్టారి వైపు తిప్పాడట. మూడో ఏడు బూట్లలో ఎడమదాని లేసు వదులుగా ఉందట. అప్పటికి వెస్లీకి పద్నాలుగేళ్ళు. రైఫిల్ బీరువా మీద దుమ్ము పట్టిపోతోంది. కొట్టుకి వచ్చినవాళ్ళు దాణా బస్తా ఎత్తుకుంటూ, "ఏమయ్యా రస్, ఈ ఏడైనా మీవాడి లేసు బిగిసిందా?" అని అడగడం మొదలుపెట్టారు.

మా నాన్న భరించగలిగినంత భరించాడు. తరవాత మాస్టార్ని క్లాసు నుంచి తప్పించాలని కాగితం మీద నలభై మంది చేత సంతకాలు పెట్టించాడు. లెక్క తీస్తే ప్రతి ఏడూ ముగ్గురో నలుగురో పిల్లలు ఇలాంటి వింత నేరాలకే ఫెయిలవుతున్నారు. ఒక అమ్మాయి ఆవలించినందుకు, ఒకడు టోపీ వెనక్కి పెట్టుకున్నందుకు.

ఆ సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి భోజనాలయ్యాక, ఫైర్ స్టేషన్‌లో మీటింగు పెట్టారు. అగ్నిమాపక దళం పెద్ద డ్వేన్ పిట్మన్ అధ్యక్షుడు. ఆరున్నర అడుగుల మనిషి, ఆయన కూర్చుంటే కుర్చీ కనపడేది కాదు.

మొదట లేచింది మా బడికి కొత్తగా వచ్చిన టీచరు మిసెస్ కోర్విన్. పెద్ద ఊరి నుంచి వచ్చింది. ఆవిడా మాస్టార్ని తీసేయమనే అడిగింది, కానీ వేరే కారణంతో.

"అసలు పిల్లలకి తుపాకులు నేర్పడమేమిటండీ? పన్నెండేళ్ళ పిల్లకి నేను కత్తెర ఇవ్వడానికే ఆలోచిస్తాను!"

అంటే ఒకే మనిషి మీద, నేర్పుతున్నాడని ఆవిడకి కోపం, నేర్పి పాస్ చెయ్యడం లేదని మా నాన్నకి కోపం. ఇద్దరూ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు.

టీచరమ్మ పోట్లాటకి కాక క్లాసులో చేరడానికే వచ్చిందన్నంత మర్యాదగా మాస్టారు లేచాడు.

"మీరన్నది సబబేనమ్మా. కత్తెర విషయం మరీనూ. కానీ ఈ ఊళ్ళో ప్రతి వంటింటి తలుపు వెనకా ఒక తుపాకీ ఉంది. దాన్ని నేను తీయించలేను. ఆ తలుపు పిల్లలు తీస్తారు, మనం వద్దన్నవి అన్నీ తీస్తారు. అందుకే ఏడు వారాలు భయం నేర్పుతాను. ఎనిమిదో వారానికి ఆ భయం నిలబడితే అప్పుడు ముట్టుకోనిస్తాను."

టీచరమ్మ కూర్చోబోయి ఆగింది. "సరే. మరి అసలు ముట్టుకోవడమే ఇష్టం లేని పిల్లల సంగతేమిటి? వాళ్ళనీ పట్టుకొచ్చి కూర్చోబెడుతున్నారుగా తండ్రులు?"

మాస్టారు తన బూట్ల వైపు చూసుకుని, వంగి లేసు బిగించుకున్నాడు.

మా నాన్న అందుకున్నాడు. "ఆ సంగతి తరవాత! ముందు నా కొడుకు సంగతి చెప్పమనండి. బూటు లేసుకి ఫెయిల్ చేసే మనిషిని ఎక్కడైనా చూశారా? మాస్టారూ, అందరి ముందూ అడుగుతున్నాను. వాణ్ణి నిజంగా ఎందుకు ఫెయిల్ చేశారు?"

"లేసు" అన్నాడు మాస్టారు.

"నిజం చెప్పండి!"

"ఎడమ లేసు."

జనం గొల్లుమన్నారు. నాన్న మొహం బీట్‌రూట్‌లా అయింది. "డ్వేన్, ఇంక చాలు. ఈయన్ని తప్పించాలనేవాళ్ళు చేతులెత్తండి!"

చేతులు లేవసాగాయి. మాస్టారు అలవాటు చొప్పున, ఒకావిడ ఎత్తిన చేతిలోని ఫోర్కు ఎటు చూస్తోందో గమనించాడు.

అప్పుడు నా పక్కన వెస్లీ లేచాడు.

"నాన్నా, మాస్టారు నన్ను ఫెయిల్ చెయ్యలేదు. నేనే అడిగాను."

"ఏమడిగావు?"

"ఫెయిల్ చెయ్యమని."

వెస్లీ గబగబా చెప్పేశాడు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనన్నట్టు. ఆఖరి రోజున మాస్టారు ఒక్కొక్కరినీ ఫైరింజను వెనక్కి తీసుకెళ్ళి ఒక ప్రశ్న అడుగుతాడట. 'నీకు వేటకి వెళ్ళాలని ఉందా, లేదా? ఉంటే నేర్పుతాను. లేకపోతే ఫెయిలవుతావు. కారణం నేను చూసుకుంటాను, తిట్లు నేను తింటాను. ఇది మనిద్దరి మధ్యే.'

ఆ ప్రశ్న నన్నూ అడిగాడు. ఆయన నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే "ఉంది!" అని అరిచాను. పరీక్షలో అది కూడా ఒక భాగమేమో అనుకుని ఆ తరవాత దాని గురించి ఆలోచించనే లేదు.

"నాకు జింకల్ని చంపాలని లేదు నాన్నా" అన్నాడు వెస్లీ. "నువ్వు బాధపడతావని చెప్పలేదు."

మా నాన్న ఏదో అనబోయేలోపు అధ్యక్షుడి స్థానంలోంచి గొంతు సవరింపు వినిపించింది.

"చిన్నప్పుడు టోపీ వెనక్కి పెట్టుకున్నానని ఫెయిల్ చేసింది నన్నే" అన్నాడు డ్వేన్ పిట్మన్. ఆయన మోకాలి నొప్పి వల్ల వేటకి వెళ్ళడం లేదని ఊరంతా అనుకునేది. "నా మోకాలికేమీ లేదు. మండే ఇంట్లోకి వెళ్ళమంటే వెళ్తాను. జింక కళ్ళు చూడలేను."

మాస్టారు నుదురు రుద్దుకున్నాడు. "చూశారా, మనిద్దరి మధ్యే ఉండాలన్నాను" అని గొణిగాడు. ఎత్తిన చేతులు ఒకటొకటిగా దిగాయి. మిసెస్ కోర్విన్ బ్యాగులోంచి రుమాలు తీసి, కళ్ళద్దాలు తుడుచుకుంటున్నట్టు చాలాసేపు నటించింది.

మా నాన్న మాత్రం నిలబడే ఉన్నాడు. ఇప్పుడు అరుస్తాడు, ఇంటికి లాక్కెళతాడు అని నేనూ అమ్మా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. కానీ ఆయన కోపంగా లేడు. ఎప్పటిదో గుర్తుతెచ్చుకుంటున్నవాడిలా ఫైరింజను వైపు చూస్తున్నాడు.

"నన్నూ అడిగారు మాస్టారూ. పంతొమ్మిది వందల యాభై ఏడులో."

"అడిగాను రస్."

"మా నాన్న బయట ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆపలేదు కూడా. ఆ చప్పుడు వినపడుతూనే ఉంది. ఉందన్నాను."

"అవును. గట్టిగా అన్నావు."

"ముప్ఫై ఏళ్ళు వెళ్ళాను. ఆ చలిలో నాలుగింటికి లేవడం, ఆ కొండెక్కడం... రెండే జింకల్ని కొట్టాను. రెండుసార్లూ ఇంటికొచ్చి భోజనం చెయ్యలేకపోయాను. పడిశం పట్టిందని చెప్పాను."

అమ్మ నా చెయ్యి వదిలేసి నోటికి అడ్డం పెట్టుకుంది.

నాన్న అటూ ఇటూ చూసి, కొట్లో అప్పు అడిగే మొహమాటంతో అన్నాడు. "మాస్టారూ, ఇప్పుడు ఫెయిలవ్వడానికి వీలవుతుందా?"

వర్జిల్ హాగెన్ నవ్వలేదు. జేబులోంచి నోటు పుస్తకం తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని మా నాన్నని తలనుంచి పాదాల దాకా మూడుసార్లు పరిశీలించాడు.

"చొక్కా మూడో గుండీ నాలుగో కాజాలో పెట్టావు" అన్నాడు చివరికి. "ఇంత అజాగ్రత్త మనిషిని నేను పాస్ చెయ్యలేను. ఫెయిల్."

"థాంక్సండీ" అన్నాడు మా నాన్న, నిజంగా మెడల్ తీసుకున్నంత వినయంగా. జనం నవ్విన నవ్వులకి బయట కట్టేసిన కుక్కలు మొరగడం మొదలుపెట్టాయి.

మాస్టార్ని ఎవరూ తప్పించలేదు. మిసెస్ కోర్విన్ తరవాతి బ్యాచ్‌లో పిల్లల మధ్య కూర్చుని ఎనిమిది వారాలూ క్లాసు విన్నది. ఆఖరి రోజున ఫైరింజను వెనక ఆవిడ ఏం జవాబు చెప్పిందో తెలియదు గానీ, సుద్దముక్కతో పిల్లల వైపు చూపించినందుకు ఫెయిలయింది.

అక్టోబరు ఆఖర్లో వేట మొదలయ్యే రోజున వర్జిల్ మాస్టారితో కలిసి వెళ్ళింది మా ఇంట్లో నేనొక్కదాన్నే. వెస్లీ పేరున కొన్న రైఫిల్ నాకిచ్చారు. మధ్యాహ్నానికి జింకని కొట్టి, ఆ ఏడాదికి సరిపడా మాంసం సంపాదించుకుని మంచులో తడిసి ఇంటికొచ్చేసరికి, మా నాన్న ఇంకా రాత్రి బట్టల్లోనే పొయ్యి ముందు నిలబడి పాన్‌కేకులు వేస్తున్నాడు. పక్కన వెస్లీ పిండి కలుపుతున్నాడు.

"ఎన్నింటికి లేచావు నాన్నా?" అని అడిగాను.

"తొమ్మిదిన్నరకి" అన్నాడు, ఊళ్ళో అందరికన్నా పెద్ద జింకని కొట్టిన మనిషిలాగా.