ఒడి నింపిన శుక్రవారం

మొన్న మా మనవరాలికి తోడుగా కర్నూల్లో ఒక బ్యూటీ పార్లరుకు వెళ్ళాను. అక్కడి అమ్మాయి ముఖానికి పూసే మందును ముందు చెవి వెనక చుక్కంత రాసి, మంటా దురదా లేకపోతే రేపు చేస్తామని చెప్పి పంపించేసింది. మనవరాలు విసుక్కుంది గానీ, పన్నెండేళ్ళ కిందట మా చెల్లెలికి కూడా ఎవరైనా ఇలా ఒక్క చుక్క రాసి చూసి ఉంటే అన్న ఆలోచన వచ్చి, నేను పార్లరు మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయాను.

మా చెల్లెలు అప్పట్లో ఒక చీరల దుకాణంలో పని చేసేది. కొత్త చీరను భుజం మీద వేసుకుని ఆమె అద్దం ముందు నిలబడితే, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు కూడా కొనుక్కునే పోతారని యజమానే చెప్పుకునేవాడు. పెళ్ళిళ్ళ కాలం వస్తోంది, ముఖం కాస్త తేటగా ఉంటే బాగుంటుందని పార్లరులో బ్లీచింగ్ చేయించుకుంది. మండుతోందంటే ఓర్చుకోమన్నారట. ఇంటికి వచ్చేసరికి బుగ్గలు కమిలిపోయాయి, పొక్కులు మానినా దవడ దాకా నల్లటి మచ్చలు నిలిచిపోయాయి. యజమాని చెడ్డవాడేం కాదు, పనిలోంచి తీసేయలేదు, వెనక గదిలో కూర్చుని చీరలు మడత పెట్టమన్నాడు. మా చెల్లెలికి అదే చావులా తోచింది. నెలల తరబడి వైద్యం కావాలన్నాడు చర్మం డాక్టరు. ఆ ఖర్చు పార్లరు వాళ్ళ చేతనే ఇప్పించాలని, మచ్చలు తగ్గి మళ్ళీ ఆ అద్దం ముందు నిలబడాలని ఆమె పట్టుదల.

అడగడానికి పోతే పార్లరు నడిపే ఆమె, "నీ ఒంట్లోనే వేడి శానా ఉండాది, కొబ్బరి నీళ్ళు తాగు పోమ్మా" అని సలహా ఇచ్చి పంపింది. నేను అప్పుడు కమలాపురంలో టీచరును. సెలవు పెట్టి అమ్మ వాళ్ళింటికి వచ్చి, లాయరు చేత నోటీసు ఇప్పించాను. నోటీసు అందిన వారానికి, ఒక శుక్రవారం పొద్దున, ఆమె ఇంకొకామెను వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో పళ్ళెం, అందులో పసుపు, కుంకుమ, చీర, రవికె గుడ్డ, ఎండు కొబ్బరి గిన్నెలు, బియ్యం. తోడబుట్టినదాన్ని అనుకోమని, ఒడి నింపి పోతానని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మన వైపు సంగతి మీకు తెలియనిది కాదు. పెళ్ళయిన ఆడపిల్ల కొంగులో బియ్యమూ కొబ్బరీ పోసి ఒడి నింపేది పుట్టింటివాళ్ళు, తనను వాళ్ళలో ఒకదాన్నిగా అనుకోమనే ఆమె అడిగింది, పోస్తామన్న బియ్యం కాదంటే ఆ పిల్ల పసుపు కుంకుమలకే చేటని భయం. చెల్లెలి భర్త, మా మరిది, బేతంచెర్ల నుంచి బండల లారీ తోలేవాడు. మా అమ్మ చెల్లెలి వైపు తిరిగి, "మొగుడు రోడ్ల మీద తిరిగేటోడు, ఒడి బియ్యం వద్దంటే ఎట్లమ్మే? పట్టు" అంది. చెల్లెలు నా వైపు చూసింది. ఊరందరి పిల్లలకూ బుద్ధులు చెప్పేదాన్ని, నేనైనా ఆలోచించాల్సింది. బియ్యం జారిపోకుండా చెల్లెలి కొంగును నా చేత్తో సర్ది పట్టుకున్నాను. అమ్మ ఆనవాయితీ తప్పకుండా వచ్చినామెకు ఎదురు బొట్టు పెట్టి, రవికె గుడ్డ ఇచ్చి సాగనంపింది. వెంట వచ్చినామె ఫోన్లో ఫోటోలు తీస్తుంటే ఇదొక కొత్త అలవాటు అనుకున్నామే తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆ తర్వాత వాళ్ళు వైద్యం ఖర్చు ఊసే ఎత్తకపోతే వినియోగదారుల కోర్టులో కేసు వేశాం. అక్కడ పార్లరు వాళ్ళు మొదట పెట్టింది ఆ ఫోటోలే. పెద్దల ఎదుట రాజీ కుదిరింది, చీర తీసుకుని, బొట్టు పెట్టి, మర్యాదలు చేసి పంపించారు అని వాళ్ళ లాయరు చదివాడు. మా లాయరు నా వైపు వంగి, "ఏందమ్మా, నోటీసిచ్చినోళ్ళు ఒడి యాడన్నా నింపించుకుంటారా?" అన్నాడు. మా దగ్గర పార్లరు బిల్లు కూడా లేదు. చెల్లెలు లేచి, "ఆయమ్మ బియ్యం పోసింది నా మొగుడు సల్లగా ఉండాలని సార్. నా మొగం సంగతి నేను ఇడ్సిపెట్టలేదు" అంది. కోర్టువాళ్ళు విన్నారు, రాసుకున్నారు. రెండేళ్ళు తిరిగాక, రాజీ జరిగినట్టే ఉందని కేసు కొట్టేశారు. వాళ్ళను తప్పు పట్టలేను. ఆ ఫోటోలో కొంగు పట్టిన నా చెయ్యి నాకే అంత స్పష్టంగా కనపడుతుంటే వాళ్ళకు కనపడదా?

పై కోర్టుకు పోయే ఓపిక ఎవరికీ లేకపోయింది. వైద్యం మొదలే కాలేదు. చెల్లెలు ఇప్పటికీ ఆ వెనక గదిలోనే చీరలు మడత పెడుతోంది, ఆమె మడతకు మంచి పేరట. మరిది క్షేమంగా లారీ తోలుకుంటున్నాడు. అమ్మ పోయేదాకా ఆ ఒక్కటే చెప్పుకుని తృప్తి పడేది, చూడు, అల్లుడు బాగుండాడు కదా అని. చెల్లెలు అవునమ్మా అనేది. ఆ అవునమ్మా వినలేక నేను లేచి బయటికి పోయేదాన్ని.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోన్లోనే ఫిర్యాదు చేయవచ్చంటున్నారు, సంతోషమే. కానీ మా ఇంట్లో పోయింది ఇంకేదో. వాకిట్లోకి పళ్ళెంతో ఎవరు వచ్చినా నా చూపు ముందు వాళ్ళ వెనకున్న మనిషి చేతుల మీదికి పోతుంది, ఫోన్ ఉందేమోనని. శ్రావణ శుక్రవారం నాడు పక్కింటి కొత్త కోడలు తాంబూలం తెచ్చి ఇస్తుంటే కూడా అలాగే చూశాను, చెయ్యి చాపడానికి తటపటాయించాను. ఆ పిల్ల ఏం తప్పు చేసిందో తెలియక, పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.