నీలం సుద్దముక్క

నాకు తెలిసి మా పెద్దమ్మ ఇంతవరకూ ఒక్క మనిషికే క్షమాపణ చెప్పింది. ఆ మనిషి కారు మెకానిక్. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఉండటమేమిటి, ఈ వ్యవహారంలో సగం నిందలు మోసింది నేనే. కాబట్టి చెప్పే హక్కు కూడా నాదే.

పెద్దమ్మకి అరవై ఒకటి. ఇంటి ముందుగదిలో డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. స్కూలంటే ఏదో ఊహించుకోకండి. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి రోడ్డు గుర్తుల పటం, వాకిట్లో ఒక బోర్డు, ఒకే ఒక్క కారు. అది ముగ్గురి చేతులు మారి ఆవిడ దగ్గరికి వచ్చింది. బూడిద రంగుది, చేత్తో గేర్లు మార్చే పాత బండి. ఇంట్లో అందరం దాన్ని పెంకిది అంటాం. డ్రైవరు కాళ్ళ దగ్గర ఉన్నట్టే దానికి పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్ పెడల్, ఒక బ్రేకు పెడల్ ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళు తడబడితే నేర్పేవాళ్ళు తొక్కడానికి. రెండు క్లచ్ పెడళ్ళనీ కింద ఒక ఇనుప కడ్డీ కలుపుతుంది. అటు తొక్కినా ఇటు తొక్కినా ఒకటే.

ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళంతా ముప్పై దాటిన ఆడవాళ్ళు. ఇంకోచోట చేరి, తిట్లు తిని, స్టీరింగ్ చూస్తేనే అరచేతులు చెమటలు పట్టేవాళ్ళు. పెద్దమ్మ అరవదు. అంటే కార్లో అరవదు. ఆ లోటు ఇంటికొచ్చి తీర్చుకుంటుంది, పెదనాన్నని అడగండి.

పెంకిదానికి వారానికో జబ్బు. కానీ పెద్దమ్మ దగ్గర ఒక పద్ధతి ఉంది. "ముందు ఖర్చులేని అనుమానం. అది కాదని తేలాకే ఖర్చున్న అనుమానం" అంటుంది. ఒకరోజు పొద్దున్నే బండి స్టార్టు కాలేదు. బ్యాటరీ చచ్చిపోయిందని పెదనాన్న తేల్చేశాడు. ఆవిడ బానెట్ ఎత్తి, బ్యాటరీ కొనల మీద పట్టిన తెల్లటి పొడి చూసి, చెంబుడు వేణ్ణీళ్ళు పోసి, పాత టూత్‌బ్రష్‌తో గీకి, బిగించి, తాళం తిప్పింది. బండి నవ్వుతూ లేచింది. ఇంకోసారి ఇంజను కీచుమంటుంటే తిరిగే బెల్టు మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించింది. కీచు ఆగి, మళ్ళీ మొదలైంది. "బెల్టు వదులైంది, అంతే" అని స్పానర్ అందుకుంది. రివర్స్ గేరు గరగరమంటే గేరుబాక్సు దింపాలన్నారెవరో. ముందు ఒకటో గేరులో వేసి, ఆ తర్వాత రివర్స్‌లో వెయ్యమంది. గరగర పోయింది. ఇలా పట్టుకున్న ప్రతి జబ్బునీ కారు పెట్టే షెడ్డు షట్టరు లోపలివైపు సుద్దముక్కతో రాసేది. ఎడమవైపు జబ్బు, కుడివైపు దోషి. కీచు, వదులు బెల్టు. స్టార్టు కాలేదు, తెల్లపొడి. ఆ షట్టరు దించినప్పుడల్లా ఆవిడ ముఖంలో ఒక వెలుగు కనిపించేది.

ఒక్క క్లచ్ మాత్రం ఆవిడకి లొంగలేదు. ఇంజను బలాన్ని చక్రాలకి అందించేది క్లచ్ ప్లేటు. పెడల్ తొక్కితే అది పట్టు వదులుతుంది, కాలు తీస్తే పట్టుకుంటుంది. మామూలుగా ఏళ్ళ తరబడి రావాల్సిన ప్లేటు, పెంకిది వచ్చిన ఏడాదిన్నరలో రెండుసార్లు అరిగిపోయింది.

"నేర్చుకునేవాళ్ళ బండి కదమ్మా. కాలు తీసుకెళ్ళి క్లచ్ మీదే ఉంచేస్తారు, ప్లేటు జారి జారి అరుగుతుంది" అన్నాడు మెకానిక్.

"నా దగ్గర నేర్చుకునే పిల్లలకి ఆ అలవాటు లేదు. మొదటి రోజే మాన్పిస్తాను. నువ్వేసిన ప్లేటే నాసిరకం" అంది పెద్దమ్మ. ఆ రోజు నుంచీ ఇద్దరికీ ఉప్పూనిప్పూ.

రెండోసారి ప్లేటు మార్చిన సాయంత్రం పెదనాన్న నెమ్మదిగా అడిగాడు. "మళ్ళీ పోతేనో?"

"మళ్ళీ పోతే బోర్డు దింపేస్తాను" అంది ఆవిడ విసురుగా.

ఇంకొకరంటే నవ్వి ఊరుకునేవాళ్ళం. కానీ మా పెద్దమ్మ ఇరవై ఏళ్ళ కిందట ఏదో కోపంలో ఇక పంచదార ముట్టనంది. ఇప్పటికీ చప్పటి టీయే తాగుతోంది. పదిహేడేళ్ళ స్కూలు ఒక్క మాటతో దారానికి వేలాడుతోందని ఇంట్లో అందరికీ అర్థమైంది. ఆవిడకి కూడా.

సరిగ్గా నాలుగు నెలలకి, ఒక సోమవారం, నీళ్ళ ట్యాంకు దగ్గరి ఎత్తు రోడ్డు మీద ఇంజను హోరెత్తింది గానీ బండి కదలనని మొరాయించింది. స్టీరింగ్ ముందున్నది నేనే. అప్పటికి నేను లైసెన్సు పరీక్షలో రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించేచోట బండి గుటుక్కున ఆగిపోయింది. "మొదట్లో అందరూ తప్పుతారే" అని పెద్దమ్మ ఓదార్చింది. నిజమే, ఈ మధ్య ఆవిడ పిల్లల్లో చాలామంది తప్పుతున్నారు. పెంకిది రాకముందు మాత్రం ఒక్క దెబ్బకి పాసయ్యేవాళ్ళట. మూడో పరీక్ష ఆ శుక్రవారమే.

బండిని వెనక్కి దొర్లించి, చదును దారిలో మెల్లగా ఇంటికి చేర్చాక మెకానిక్ వచ్చాడు. స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పెద్దమ్మ అలవాటుగా పక్క సీట్లో కూర్చుంది. తను లేకుండా ఆ బండిని అంగుళం కూడా కదలనివ్వదు. అతను హ్యాండ్‌బ్రేకు లాగి, మూడో గేరు వేసి, కాస్త ఎక్సలరేటర్ ఇచ్చి క్లచ్ వదిలాడు. ప్లేటు మంచిదైతే ఇంజను ఊపిరాడక ఆగిపోవాలి. ఆగలేదు. గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది.

"ప్లేటు పోయిందమ్మా" అన్నాడు. అతనికి బోర్డు సంగతి తెలుసు. అందుకే తలెత్తకుండా చెప్పాడు.

పెద్దమ్మ దిగి వెళ్ళి వాకిట్లో బోర్డు కింద నిలబడింది. దాని మీద దుమ్ముని కొంగుతో తుడిచింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆవిడ షెడ్డులో చీర కుచ్చిళ్ళు దోపుకుని నిలబడి ఉంది. "నాలుగు నెలల్లో ప్లేటు పోదు. దాన్నెవరో తింటున్నారు. దింపేదేదో దొంగని పట్టాకే దింపుతాను" అంది. పెడల్‌ని చేత్తో నొక్కి చూసింది. బిగువు తగిలేలోపు రెండు వేళ్ళంత వదులుంది, అంటే క్లచ్‌ని లాగే కేబుల్ నిర్దోషి. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"నీ కాలే అయ్యుంటుంది."

నేను ఒంటికాలి మీద లేచాను. "గేరు మార్చేటప్పుడు తప్ప నా కాలు కిందే ఉంటుంది. నువ్వే నేర్పావుగా."

"నోటితో చెప్పేదానికి సాక్ష్యం ఉండాలి" అని, క్లచ్ పెడల్ రబ్బరుకి తెల్ల సుద్ద దట్టంగా పూసింది. కాలు పెడితే చెప్పుకి అంటుకుంటుందని.

నాకు ఒళ్ళు మండింది. "అయితే నీ పెడల్‌కి కూడా పుయ్యి. అనుమానం అందరి మీదా సమానంగా ఉండాలి."

ఆవిడ పకపకా నవ్వింది. "అలాగే తల్లీ, నన్నూ బోనెక్కించు" అని, రోడ్డు బొమ్మలు గీసే డబ్బాలోంచి నీలం సుద్దముక్క తీసి తన పెడల్‌కి పూసింది.

అరగంట సేపు చదును రోడ్ల మీద తిరిగాం. తిరిగొచ్చి షెడ్డు ముందు ఆపాను.

"చెప్పు తియ్యి" అంది.

తీసి చూపించాను. మునివేళ్ళ దగ్గర కాస్త తెల్లటి మరక. మిగతా అంతా శుభ్రం. ఆవిడ మూతి ముడిచి, "ఊఁ" అంది.

"ఇప్పుడు నీది."

నిర్లక్ష్యంగా ఎడమ చెప్పు తీసి తిరగేసింది. మునివేళ్ళ నుంచి పాదం సగం దాకా నీలం. అద్దకం వేసినంత చిక్కటి నీలం. వంగి పక్క సీటు పెడల్ చూశాను. సుద్ద లేదు సరికదా, రబ్బరు గీతలు కూడా అరిగి నున్నగా మెరుస్తోంది. నా వైపు రబ్బరు గీతలు కొత్తవాటిలా ఉన్నాయి. రెండూ ఒకే రోజు వేయించినవి.

పెద్దమ్మ ఆ చెప్పుని ఒళ్ళో పెట్టుకుని నీలం మరకని వేలితో రుద్ది చూసింది. ఆ తర్వాత, "నాకు తెలీదే" అంది. ఆ గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదటిసారి.

ఇదివరకటి కారుకి పక్క సీటు దగ్గర బ్రేకు ఒక్కటే ఉండేది, క్లచ్ లేదు. ఒకరోజు ఒకావిడ కంగారులో క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే ఆ కారు ఎగిరి మంగలి షాపు అద్దంలోకి దూరింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఒక కుర్చీ విరిగింది. పెద్దమ్మ ఆ సంగతి ఎప్పుడూ జోకులాగే చెప్పేది. ఆ నెలలోనే ఆ కారు అమ్మేసి, వెతికి వెతికి, రెండు క్లచ్‌లున్న పెంకిదాన్ని తెచ్చింది.

"విరిగిన ఆ కుర్చీలో నిమిషం ముందు దాకా ఒకతను ఉన్నాడే" అంది ఇప్పుడు. "అప్పట్నుంచీ నా కాలు కింద ఆనలేదనుకుంటా."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. రెండు నిమిషాలే. పద్ధతి పద్ధతే కదా, చప్పున లేచి కారు దిగిపోయింది. "నేను బయటుంటాను. ఆ పరీక్ష మళ్ళీ చెయ్యి."

హ్యాండ్‌బ్రేకు లాగాను. మూడో గేరు. క్లచ్ వదిలాను. ఇంజను ఢక్కుమని ఆగిపోయింది. ఆవిడ ఎక్కి ఎప్పటిలా కూర్చుంది. మళ్ళీ చేశాను. గుర్రుమంటూ తిరిగింది. ఆవిడ దిగింది. ఆగిపోయింది. నిన్న మెకానిక్ పరీక్షించింది ప్లేటుని కాదు, మా పెద్దమ్మ పాదాన్ని. కాస్త అరిగినా ప్లేటు ఇంకా బతికే ఉంది.

"ఎత్తు రోడ్డుకి పద" అంది. కళ్ళు మెరుస్తున్నాయి.

కానీ ఎత్తు మొదలవగానే ఇంజను మళ్ళీ హోరెత్తింది. ఇద్దరం కిందికి చూశాం. నీలం కాలు దానంతటదే పెడల్ మీదికి వెళ్ళిపోయింది. రెండోసారీ అంతే. "ఇది నా మాట వినేలా లేదు" అని, పెద్దమ్మ చెప్పులు విప్పి, సీటు వెనక్కి జరిపి, బెల్టు పెట్టుకునే సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది గానీ, ఆ భంగిమలో ఆవిడ డ్రైవింగ్ టీచరని ఎవరూ నమ్మరు.

సరిగ్గా ఎత్తు మధ్యలో, "ఆపు. ఇప్పుడు కదిలించు" అంది.

నేను రెండుసార్లు తప్పింది ఇక్కడే. క్లచ్ మెల్లగా వదిలాను. ఒకచోట బానెట్ కొద్దిగా పైకి లేచింది, ఇంజను గొంతు బరువెక్కింది. ప్లేటు పట్టుకున్న చోటు అది. ఇంత స్పష్టంగా ఎన్నడూ తెలియలేదు. నేర్చుకునేటప్పుడు ఆ చోటు ఎప్పుడూ జావలా, ఒక్కోసారి ఒక్కోచోట ఉండేది. పరీక్షలో ఆవిడ బదులు ఆఫీసరు కూర్చునేసరికి అది ఇంకెక్కడో తగిలి, బండి ఆగిపోయేది. ఇన్నాళ్ళూ నేను నా ఒక్క కాలితో బండి నడపనే లేదు. నాతో పాటు తప్పిన వాళ్ళంతా ఇంతే.

హ్యాండ్‌బ్రేకు దించాను. కారు జానెడు వెనక్కి జారింది. ఓరగా చూశాను. పెద్దమ్మ రెండు చేతులతో తన పాదాలు గట్టిగా పట్టుకుని ఉంది. పెదవులు బిగించింది. నేను ఇంకొంచెం వదిలాను. పెంకిది ముక్కు పైకెత్తి, జారకుండా, ఆగకుండా, నీళ్ళ ట్యాంకు దాకా ఒక్క ఊపులో ఎక్కేసింది.

పైన ఆపాక పెద్దమ్మ ముందు నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది, తర్వాత మళ్ళీ నవ్వింది. "బోర్డు దిగదు" అంది. నాకు ఎంత సంతోషమేసిందంటే హారన్ మోగించాను.

తిన్నగా మెకానిక్ షాపుకి వెళ్ళాం. అతను ఒక కారు కింద దూరి ఉన్నాడు. బయటికి కనిపిస్తున్న అతని రెండు కాళ్ళ ముందే నిలబడి పెద్దమ్మ చెప్పింది.

"బాబూ, నువ్వేసిన ప్లేట్లు రెండూ మంచివే. తప్పు నాది. నిన్ను చాలా అన్నాను. క్షమించు."

కింద స్పానర్ పడిన చప్పుడైంది. ఇదేదో కొత్త రకం తిట్టనుకున్నాడేమో, భయంభయంగా బయటికి జరిగాడు. ఆవిడ నీలం చెప్పు చూపించి జరిగిందంతా చెప్పింది. అతను చెప్పుని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"పరీక్షప్పుడు మిమ్మల్ని దిగమనాల్సిందమ్మా. దిగమంటే తిడతారని ఊరుకున్నాను" అన్నాడు. ముగ్గురం పడీపడీ నవ్వాం.

ఆ సాయంత్రం షట్టరు మీద ఆవిడ నీలం సుద్దతో రాసింది. ఎడమవైపు "క్లచ్". కుడివైపు "నేను". పెదనాన్న కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, "ఈ షట్టరుకి నేను ఫ్రేము కట్టిస్తాను" అన్నాడు.

శుక్రవారం పరీక్షకి పెంకిదాంట్లోనే వెళ్ళాను. ఆఫీసరు పక్క సీట్లో ఫైలు ఒళ్ళో పెట్టుకుని, పాదాలు రెండూ నేల మీద ఆనించి కూర్చున్నాడు. అంత ప్రశాంతమైన పాదాలు నేను చూడలేదు. పెద్దమ్మ మైదానం కంచె అవతల నిలబడింది. ఎత్తు మధ్యలో ఆపాను. కదిలించాను. ఆగలేదు, జారలేదు.

పాసైన కాగితం పట్టుకుని పరుగున వెళ్ళాను. ఆవిడ నన్ను కావలించుకుంది. అప్పుడు కిందికి చూశాను. ఆవిడ ఎడమ కాలి దగ్గర ఇసుకలో నాలుగు వేళ్ళ లోతు గుంట పడి ఉంది.

"పెద్దమ్మా, ఏంటిది?"

ఆవిడ కూడా చూసుకుంది. సిగ్గుపడింది. పాదంతో ఆ గుంట పూడ్చేస్తూ, "పోనీలేవే, ఇక్కడ అరిగేది నా చెప్పేగా" అంది.